పాట కొనేవాళ్ళకు సరే, మా చెవుల సంగతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. గత వారం మీ జిల్లా పేజీలో షోరూముల్లో సంగీతం గురించి వేసిన వార్త చదివాను. పెళ్ళిళ్ళ సీజన్ కదా, జవాబు రాయడానికి ఇప్పటికి తీరింది. పాటలు పెడితే గిరాకీ ఎక్కువసేపు ఆగుతోందని ఓనర్లు అన్నారట, హుషారుగా ఉందని కస్టమర్లు అన్నారట. ఫొటో కూడా బాగానే వచ్చింది. అందులో వెనకాల చీరలు మడత పెడుతున్నవాళ్ళను మాత్రం మీ విలేకరి ఒక్క మాట అడగలేదు. కస్టమర్ ఆ పాట వినేది పది నిమిషాలు. మేము వినేది షట్టర్ లేచినప్పటి నుంచి దించేదాకా.

నాది హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక బట్టల షోరూములో చీరల సెక్షన్. కౌంటర్‌కు సరిగ్గా నెత్తిమీద స్పీకరు. తిరిగి తిరిగి అవే పాటలు, వాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది 'అప్‌టౌన్ ఫంక్' అనే ఇంగ్లీషు పాట. పేరు తెలియనివాళ్ళు కూడా వింటే గుర్తుపడతారు. ముందు నోటితోనే దరువు, ఆ తర్వాత బూరలు, ఇక నాలుగున్నర నిమిషాలు పాడేవాడు తన గొప్ప తానే చెప్పుకోవడం. మార్క్ రాన్సన్ చేశాడు, బ్రూనో మార్స్ పాడాడు. 2014 నవంబర్‌లో వచ్చింది, అమెరికాలో హిట్ పాటల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది, 2016లో గ్రామీ సంగీత అవార్డు తెచ్చుకుంది. చీరలమ్మే నాకు ఇవన్నీ ఎట్లా తెలుసంటారా? పాట మార్చమని అడిగినప్పుడల్లా మా ఫ్లోర్ మేనేజర్ అప్పజెప్పే పాఠం ఇదే. గ్రామీ ఇచ్చినవాళ్ళు దాన్ని మాలాగా రోజంతా నిలబడి విన్నారా అని అడగాలని ఉంటుంది, అడగను.

పోనీ కొత్త సరుకా అంటే అదీ కాదు. 1970, 80ల నాటి ఫంక్ అనే అమెరికా డాన్సు సంగీతం దరువులే, పాత పట్టుచీర అంచు విప్పి కొత్తదానికి కుట్టినట్టు. గ్యాప్ బ్యాండ్ అనే పాత బృందం 1979లో చేసిన పాట పోలికలున్నాయని 2015లో ఆ బృందంవాళ్ళ పేర్లు కూడా రచయితల్లో చేర్చారు. వాళ్ళకు వాటా దక్కింది, మాకు తలనొప్పి.

మొన్న ఒక పెద్దమ్మ గద్వాల చీర పట్టుకొని "రంగు పోతదా బిడ్డా?" అని అడిగిందట. ఆ బూరల మోతలో నాకు "రంగు ఉంటదా" అన్నట్టు వినిపించి "గ్యారంటీ అమ్మా" అన్నాను. ఆమె చీర కౌంటర్ మీద పడేసి మెట్లు దిగిపోయింది. సాయంత్రం తిట్లు నాకు పడ్డాయి, స్పీకరుకు కాదు.

శబ్దానికి 2000 సంవత్సరం నుంచి కేంద్రం నిబంధనలున్నాయి. వాణిజ్య ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్, రాత్రి 55. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ పగలు 50, రాత్రి 40. ఇదంతా బజారు లెక్క. షాపు లోపల స్పీకరు కింద నిలబడ్డ మనిషి ఏ లెక్కలోకి వస్తాడో ఎవరైనా చెబితే బాగుండు. అసలు బయటి లెక్కయినా ఎవరు చూస్తున్నారు గనక! రాత్రి పది దాటితే మైకులు ఉండొద్దు, కానీ పదకొండింటికి బరాత్ డీజే బండి ఆసుపత్రి గోడ పక్కనుంచే పోతుంది, కిటికీ అద్దాలు గజగజ వణుకుతాయి. ఒక ఆఫీసులో చెప్పుకోబోతే "మా పరిధి కాదు" అన్నారు. ఇంకో ఆఫీసులో రాసిమ్మన్నారు, రాసిచ్చాం, ఆ కాగితం ఏ ఫైలు కింద నిద్రపోతోందో. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు కూడా డీజే బాక్సులే, ఆడవాళ్ళు పాడే పాట పక్కవాళ్ళకు వినబడదు.

ఇంకోటి. ఆ పాట వచ్చిన 2014లోనే, సెప్టెంబర్‌లో, మన ఊళ్ళో పాటలకు, నాటకాలకు కట్టిన కాళోజీ కళాక్షేత్రానికి శంకుస్థాపన జరిగింది. తలుపులు తెరిచింది 2024 నవంబర్‌లో. మన పాటకు వేదిక దొరకడానికి పట్టిన ఈ పదేళ్ళలో ఆ ఇంగ్లీషు పాట సముద్రాలు దాటి మా కౌంటర్ దాకా వచ్చి స్థిరపడింది.

కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టం సవరించారు. అక్కడివాళ్ళు కాళ్ళ గురించి ఆలోచించారు. ఇక్కడ చెవుల గురించి మాట్లాడితే "ఉద్యోగం ఇష్టం లేదా" అంటారు.

పాటలు బంద్ చేయమని అనడం లేదు. సౌండ్ తగ్గించండి, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆపండి, వారానికోసారైనా లిస్టు మార్చండి. ఇక మీ విలేకరి మళ్ళీ వార్త రాస్తే ఆదివారం సాయంత్రం మా కౌంటర్ దగ్గరికే పంపండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకొని రమ్మనండి, నోటితో అడిగితే మాకు వినబడవు.

– ఒక షోరూము ఉద్యోగిని, హనుమకొండ
(పేరు వేయకండి, జీతం కావాలి)