మా పెద్దమ్మకు ముందు పొదుపు పుస్తకం చదవడం నేర్పనివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నెల్లూరు జిల్లాలో వయోజన విద్యా కేంద్రం నడుపుతున్న ఒక వాలంటీరు నమస్కారాలు.

అయ్యా, సోమవారం గ్రీవెన్సులో ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ రసీదు చేతికొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

మా కేంద్రంలో 22 మంది పేర్లు రాయించారు. ఇప్పుడు వస్తున్నది ఆరుగురు. చదువు మీద ఇష్టం లేక కాదు. మధ్యాహ్నం రెండింటికి క్లాసు పెట్టమన్నారు, ఆ వేళకు మా ఆడవాళ్లు నాట్లలో ఉంటారు. రాత్రికి మార్చమంటే స్కూలు తాళం ఇవ్వరు, క్లాసు ఫోటో పగలే పంపాలంటారు. వచ్చినవాళ్లను ఒకటో తరగతి పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టి, అచ్చులు పూర్తయ్యేదాకా ఇంకేమీ చెప్పొద్దన్నారు. యాభై దాటిన పెద్దమ్మ ఒకామె మూడు వారాలు దిద్ది, నాలుగో వారం పలక నా చేతిలో పెట్టేసింది. "ఆవు, ఆవు అని దిద్దిస్తా ఉండావు, ఆవును నలభై ఏళ్లుగా కట్టేసేది నేనే. పొదుపు పుస్తకంలో నా లెక్క ఎంతుందో చూసుకునేది నేర్పు పాపా" అంది. సరేనని అదే నేర్పితే, పుస్తకంలో లేనివి చెబుతున్నానని తనిఖీకి వచ్చినాయన రాసుకుని వెళ్లారు.

ఆ పెద్దమ్మ అడిగినదాన్నే అమెరికాలో వయోజన విద్యా నిపుణుడు మాల్కమ్ నోల్స్ సిద్ధాంతంగా చెప్పారు. ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే పెద్దవాళ్ల మనసు చదువు మీద నిలుస్తుంది, వాళ్ల అనుభవాన్ని పక్కనపెట్టి పాఠం చెప్పకూడదు అని. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మందికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే పని చేపట్టారు. ఆయన అక్షరమాలతో మొదలుపెట్టలేదు. ఇటుక లాంటి, కూలివాళ్ల నోట్లో నలిగే మాట ఒకటి తీసుకుని, దాని గురించి వాళ్లచేతే మాట్లాడించి, ఆ తర్వాతే దాన్ని ముక్కలుగా విడదీసి చూపేవారు.

అంతదూరం ఎందుకండీ, మా జిల్లాలోని దూబగుంట ఊరు లేదా? అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో, సారా వల్ల కాపురం చితికిపోయిన సీతమ్మ కథను అక్కడ పాఠంగా చెప్పారు. అది తమ కథే అనిపించింది కాబట్టే ఆ ఊరి రోసమ్మగారూ ఆమె తోటివాళ్లూ సారాకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం పుట్టిన జిల్లాలోనే ఈ రోజు పొదుపు పుస్తకం చదవడం నేర్పినందుకు నేను సంజాయిషీ రాసిచ్చాను. చాలా బాధగా ఉందండీ.

మేం జీతం అడగడం లేదు. స్కూలు తాళం రాత్రి ఏడున్నరకు ఇప్పించండి. ఏ మాటతో మొదలుపెట్టాలో మాకు వదిలేయండి. పరీక్ష దగ్గరపడింది, 22 మందినీ తెచ్చి కూర్చోబెట్టమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. నాట్లలో ఉన్నవాళ్లను ఎలా తెచ్చేదండీ? దయచేసి ఆ తాళం ఒక్కటైనా ఇప్పించండి.

నాట్లు అయ్యాక ఆ పెద్దమ్మ ఇంటికి మళ్లీ వెళ్తాను. పలక నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక వాలంటీరు