బొమ్మ గీస్తే పాఠం పోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

వయోజన విద్య మీద ఎక్కడ చర్చ జరిగినా ఎంతమందికి సంతకం వచ్చింది, ఎంతమంది పాసయ్యారు అన్న లెక్కలే. వాళ్లు క్లాసులో ఎంత బెరుగ్గా కూర్చుంటారో ఎవరికీ పట్టదు. రెండేళ్లుగా సాయంత్రం క్లాసులో పెద్దవాళ్లకు చదువు చెబుతున్నాను కాబట్టి చూసింది రాస్తున్నాను.

మా క్లాసులో ఒకావిడకి యాభై దాటాయి. పెన్సిలు ఎంత గట్టిగా పట్టుకునేవారంటే వేలికొస తెల్లబడేది, కాగితం వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు చేతికి తగిలేవి. నేను దగ్గరికి వెళితే చాలు, రాసింది అరచేత్తో కప్పేసేవారు. చిన్నప్పుడు బడిలో అందరి ముందూ తిట్లు తిన్నారట, చదువు అక్కడే ఆగిపోయింది. ఇలాంటి వాళ్లకి అక్షరాల కంటే ముందు క్లాసంటేనే టెన్షన్. ఒకరోజు విసుగొచ్చి (నాకే లెండి) పాఠం పక్కన పెట్టి, మీకు బాగా గుర్తున్న ఒక తలుపు గీయండి అన్నాను. ఆవిడ గొళ్లెం దగ్గర మొదలుపెట్టి ముప్పావుగంట తల ఎత్తలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చివర్లో దీని పేరు ఎలా రాయాలి అని తనే అడిగారు. అలా తనంతట తాను అడిగి రాసిన మొదటి మాట 'గొళ్లెం', ఒత్తుతో సహా.

2016లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 39 మంది పెద్దవాళ్లు సరిగ్గా 45 నిమిషాలు బొమ్మలు, మట్టిపని లాంటివి చేశాక, దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గింది, అంతకుముందు కుంచె పట్టని వాళ్లలో కూడా. పోల్చడానికి వేరే గుంపు లేదు కాబట్టి దాన్ని పట్టుకుని గంతులేయను. కానీ 2015లో అచ్చయిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పరిశీలన నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది అచ్చంగా వయోజనుల క్లాసుల మీద చేసింది. పాటలు, చేతిపనులు, రచన నేర్చుకునే గుంపుల్ని ఏడు నెలలు గమనిస్తే, పాటల వాళ్లు తొందరగా దగ్గరయ్యారు, చివరికి మిగతావాళ్లూ అంతే దగ్గరయ్యారు. ఒకరికొకరు కొత్తవాళ్లు ఉన్న క్లాసులో మొదటి వారమే పాట పెట్టమని నేను అనేది అందుకే. గొంతు విప్పని వాళ్లు బల్ల మీద తాళం వేసినా చాలు.

అన్నిటికీ ఇదే మందు అనడం లేదు. నిజంగా డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి కావాల్సింది డాక్టరు, రంగుపెన్సిళ్లు కాదు. అలాగే 'మీ జీవితంలో పెద్ద బాధ రాయండి' అని అందరి ముందూ అడిగే ఉత్సాహవంతులంటే నాకు భయం. కెలికి వదిలేస్తే ఆ రాత్రి వాళ్ల పక్కన ఎవరుంటారు? బొమ్మలకు మార్కులు వేయడం, బాగున్నవి ఏరి గోడకి అంటించడం కూడా వద్దు. మిగిలిపోయినవాళ్లకి మళ్లీ పాత బడే గుర్తొస్తుంది.

తలుపు గీసిన రోజు రిజిస్టరులో పాఠం గడిలో 'బొమ్మ' అని రాశాను. తనిఖీకి వచ్చినాయన దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, సిలబస్ ఎంతవరకు వచ్చింది అని అడిగారు. గొళ్లెం వరకు వచ్చిందండీ అన్నాను, ఆయనకి అర్థం కాలేదు. వారానికి ఒక అరగంటైనా ఆ గడిలో బొమ్మ, పాట, నాటకం అని ధైర్యంగా రాసుకునే వీలు మాకు కల్పించాలి, అది ఎలా నడపాలో ట్రైనింగులో ఒక పూట చెప్పాలి. పెద్ద ఖర్చేం కాదు.

వచ్చే వారం కొత్త బ్యాచ్ మొదలవుతుంది. మొదటి రోజు గడిలో 'పాట' అనే రాయబోతున్నాను.

— ఒక వాలంటీర్ టీచర్