మా హాలు గోడకు టేకు పలకలు: "వద్దు" అని చెప్పినవారందరికీ కృతజ్ఞతలు

విశాఖపట్నంలోని మా ఇంటి హాలులో పడమటి గోడకు టేకు పలకలు బిగించే పని గత వారం పూర్తయింది. 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న ఆ ఒక్క గోడ కోసం ఇంతమంది తమ సమయాన్ని వెచ్చించవలసి వస్తుందని మొదట్లో మేమెవరమూ అనుకోలేదు. వారిలో ఇద్దరు తమ పేర్లు రాయవద్దని కోరారు కనుక, ఎవరి పేరూ రాయకుండా, ఎవరు ఏ సాయం చేశారో మాత్రం వివరంగా చెప్పి, మా కుటుంబం తరఫున అందరికీ బహిరంగంగా కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో గోడలకు చెక్క వేయించుకోదలచినవారికి వారి మాటలు ఉపయోగపడతాయనే ఉద్దేశంతో ఇంత వివరంగా రాస్తున్నాను.

అందరికంటే ముందు మా వడ్రంగి మేస్త్రి గారికి నమస్కారాలు. కొలతలు తీసుకోవడానికి వచ్చిన రోజున ఆయన టేపు బయటకు తీయకముందే గోడను కింది నుంచి పైదాకా అరచేతితో తడిమి చూశారు. అవతలి వైపు స్నానాల గది ఉన్నదని తెలియగానే, బయానా ఇవ్వబోతున్న మమ్మల్ని వారించి, ముందుగా ఒక పరీక్ష చేయమన్నారు. గజం పొడవు, గజం వెడల్పు గల పల్చని పాలిథిన్ కాగితాన్ని గాలి చొరబడకుండా నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. నీటి బిందువులు కాగితానికి గది వైపు కనిపిస్తే అది గదిలోని గాలి నుంచి వచ్చిన తేమ, గోడ వైపు కనిపిస్తే అది గోడలో నుంచే ఊరుతున్న తేమ. మాకు గోడ వైపే కనిపించింది. ప్లంబరు వచ్చి స్నానాల గదిలో కొన్ని టైల్స్ తీసి చూస్తే, గోడలో పూడ్చిన వేడినీటి గొట్టం అతుకు దగ్గర నీరు కారుతున్నట్టు తేలింది. ఆ అతుకు మార్చి, గుల్లబారిన సిమెంటు పూతను కొట్టించి, కొత్త పూత వేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా తాను పనిలో చేయి పెట్టనని మేస్త్రి గారు కచ్చితంగా చెప్పారు.

ఆయన ఆ రోజు బయానా పుచ్చుకొని పలకలు బిగించి వెళ్లిపోయి ఉంటే, అప్పటికప్పుడు ఆయనను తప్పు పట్టగలిగేవారు ఎవరూ లేరు. చెక్క వెనక దాగిన తడి గోడ కంటికి కనపడదు. అది బయటపడేసరికి పలకలకు వెనక బూజు పట్టి, రీపర్లకు (పలకలను బిగించడానికి గోడ మీద వేసే సన్నని బద్దలకు) చెద ఎక్కి ఉంటుంది. అటువంటప్పుడు సాధారణంగా నింద చెక్క మీదకు, చెక్క అమ్మినవారి మీదకు పోతుందే గాని, గోడ మీదకు పోదు. గోడ ఆరుతున్నన్నాళ్లూ ఆయన వేరే చోట పని చూసుకున్నారు. మధ్యమధ్య ఫోను చేసి గోడ సంగతి కనుక్కోవడం మాత్రం మానలేదు. ఈ లోపు ఆయన సలహా మీదనే గోడకూ నేలకూ మధ్య వరుసగా రంధ్రాలు వేయించి, చెదల మందు ఎక్కించే పని కూడా పూర్తి చేయించాము.

ఏ చెక్క వాడాలన్న చర్చ ఈ విరామంలోనే తెమిలింది. అరకు, పాడేరు ప్రాంతాల కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ మా ఇంట్లో కొందరికి నచ్చింది. ఖరీదు తక్కువ, గీతలు అందంగా ఉంటాయి. ప్లాస్టిక్ కలిపిన లూవర్ పలకలు (వరుసగా గాళ్లు ఉండే తయారీ పలకలు) మరికొందరికి నచ్చాయి. వాటిని నేను తక్కువ చేయను, తడి తగిలే చోట్లకు అవే నయం. కాని మేము కోరుకున్నది చెక్క. మా వీధిలోనే ఉంటున్న, అటవీ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఈ విషయంలో మాకు చేసిన సాయాన్ని ఎంత చెప్పినా తక్కువే. సిల్వర్ ఓక్ గాని, దిగుమతి చేసుకునే పైన్ గాని చెదను సహజంగా తట్టుకునే చెక్కలు కావనీ, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంతో శుద్ధి చేసినవని నమ్మకం కుదిరితేనే వాటిని తీసుకోవాలనీ ఆయన చెప్పారు. టేకు అన్నంత మాత్రాన అంతా ఒకటి కాదని కూడా ఆయనే వివరించారు. చెదను తట్టుకునే గుణం టేకు చేవలో, అంటే మాను నడుమ ఉండే ముదురు చెక్కలో, ఉంటుందే తప్ప దాని చుట్టూ ఉండే తెల్లని భాగంలో ఉండదు. తక్కువ వయసులో నరికిన తోట టేకులో ఆ తెల్లభాగం ఎక్కువగా వస్తుంది. కాబట్టి బల్లార్షా టేకా, ఆఫ్రికా టేకా అని పేరు అడగడం కంటే, పలక అంచు చూపించమని అడగడం మేలని ఆయన అభిప్రాయం.

పలకల వెడల్పు గురించి ఆయన చెప్పిన మాట మా నిర్ణయాన్నే మార్చివేసింది. కలప గాలిలోని తేమను పీల్చి అడ్డంగా పెరుగుతుంది, ఆరినప్పుడు అడ్డంగా తరుగుతుంది. పొడవులో దాదాపుగా మారదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, మాను నడుమ నుంచి బెరడు దిశగా సుమారు 2.5 శాతం కుదించుకుపోతుంది. ముఖం మీద కొండల ఆకారంలో గీతలున్న పలక వెడల్పు వలయాల వెంబడి, నిలువు గీతలున్న పలక వెడల్పు బెరడు దిశగా వస్తుంది. అందువల్ల మొదటిది రెండోదానికి రెట్టింపు కంటే ఎక్కువగా కదులుతుంది. సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్న మా మేనకోడలు ఈ అంకెలు తీసుకొని మా గోడకు లెక్క వేసింది. ఏసీ నడిచే నెలల్లో పలకలోని తేమ 9 శాతానికి దిగి, వానాకాలంలో 14 శాతానికి చేరుతుందనుకుంటే, కొండ గీతలున్న 4 అంగుళాల పలక సుమారు ఒక మిల్లీమీటరు మారుతుంది. మా గోడకు పట్టే పలకలు 40. అంటే గోడ మొత్తం మీద 40 మిల్లీమీటర్లు, అంగుళంన్నర పైమాటే. నిలువు గీతల పలకలైతే అదే తేడా 17 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. 8 అంగుళాల పలకలు వాడితే ఒక్కొక్క అతుకు దగ్గర కదలిక రెండింతలై, సందులు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ప్రమాదం ఉంటుంది. ఈ లెక్క చూసిన తరువాత మా ఇంట్లో వెడల్పు పలకల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. 4 అంగుళాల పలకలు, వీలైనంతవరకు నిలువు గీతలవి, అని అక్కడే నిశ్చయమైంది.

కలపలో ఎంత తేమ ఉండవచ్చునన్నది దేశమంతటా ఒకటే కాదనీ, భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 287 ప్రమాణం గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించి పరిమితులు చెబుతుందనీ కూడా ఆ అటవీ శాఖ పెద్దాయన ద్వారానే మాకు తెలిసింది. పొడి ప్రాంతం నుంచి వచ్చిన చెక్కను లారీ దిగగానే తెచ్చి విశాఖ గోడకు బిగిస్తే అది వానాకాలంలో ఉబ్బుతుంది. ఇక్కడి సామిల్లు ఆవరణలో తడుస్తూ పడి ఉన్న చెక్కను తెచ్చి ఏసీ గదిలో బిగిస్తే సందులిస్తుంది. మేనకోడలి కార్యాలయంలోని సహోద్యోగి ఒకరు ఇచ్చిన తేమ మీటరు ఈ విషయంలో ఊహకు తావు లేకుండా చేసింది. దాని రెండు సూదులను చెక్కలో గుచ్చితే విద్యుత్ నిరోధాన్ని బట్టి తేమ శాతం చూపిస్తుంది. ఆయనకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

చివరకు మేము తీసుకున్నది పాత ఇళ్ల కలప. మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు అమ్మే వ్యాపారి మాకు మొదట నచ్చిన దూలాలను అమ్మడానికి ఒప్పుకోలేదు. వాటిలో బోల్టు రంధ్రాలు ఎక్కువనీ, పలకలుగా కోస్తే సగం వృథా అవుతుందనీ, డబ్బు పోయేది మాదేనైనా మాట పోయేది తనదనీ చెప్పి, మరొక ఇంటి కలప వచ్చేదాకా ఆగమన్నారు. అమ్ముడుపోయే సరుకును తానే వద్దన్న ఆ పెద్దమనిషికి నా నమస్కారాలు. ఆయన ఇచ్చిన బిల్లును జాగ్రత్తగా ఉంచుకోవలసిందిగానూ, కలపను ఊరు దాటించే ముందు రవాణా అనుమతి అవసరమో కాదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవలసిందిగానూ పదవీ విరమణ చేసిన పెద్దాయన మమ్మల్ని ముందే హెచ్చరించి ఉన్నారు.

పాత కలప కోయడానికి సామిల్లు వారు సాధారణంగా ఇష్టపడరు. లోపల విరిగిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్లు పోతాయి. మా మేస్త్రి గారి శిష్యులు ఇద్దరు దూలాల మీద అంగుళం అంగుళం అయస్కాంతంతో వెతికి మేకులన్నీ లాగిన తరువాతనే మిల్లు యజమాని గారు వాటిని రంపానికి ఎక్కించారు. కోసిన పలకలను వెంటనే చిత్రిక పట్టవద్దని ఆయన చెప్పిన సలహా ఎంతో విలువైనది. ఏళ్ల తరబడి బరువు మోసిన దూలాన్ని చీల్చినప్పుడు లోపలి బిగువు సడలి కొన్ని పలకలు వంగుతాయి. అలా వంగదలచినవన్నీ వంగిన తరువాత చిత్రిక పడితేనే పలక నిలకడగా ఉంటుంది. అందుచేత ముప్పావు అంగుళం మందంలో కోయించి, మధ్యమధ్య సన్నని బద్దలు పెట్టి హాలులోనే పేర్చి, మీటరులో అంకె మారడం ఆగిన తరువాత అరంగుళానికి తయారు చేయించాము.

ఎంత చెక్క కావాలన్న లెక్కలో కొనేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. 100 మిల్లీమీటర్ల పలకలో ఒక అంచున పొడుచుకు వచ్చే నాలుక 8 మిల్లీమీటర్లు పక్క పలక అంచున ఉండే గాడిలోకి పోతుంది కనుక, గోడను కప్పేది 92 మాత్రమే. మా గోడ 108 చదరపు అడుగులైతే కావలసిన పలకలు 117 చదరపు అడుగులు; తరుగుకు పదో వంతు కలుపుకుంటే 129. ముప్పావు అంగుళం మందంలో ఒక ఘనపుటడుగుకు 16 చదరపు అడుగులు వస్తాయి కాబట్టి, రంపం తినేది కాక, 8 ఘనపుటడుగుల పైచిలుకు మంచి చెక్క కావాలి. ఈ లెక్క మేస్త్రి గారు కాగితం లేకుండా చెప్పారు. మేనకోడలు కాగితం మీద వేసి చూస్తే అంతే వచ్చింది.

బిగింపులో మేస్త్రి గారు చూపిన శ్రద్ధ గురించి కొంత చెప్పకుండా ఉండలేను. తూకపు గుండు వేలాడదీస్తే గోడ పైనుంచి కిందికి అరంగుళం వాలి ఉన్నట్టు తెలిసింది. రీపర్ల వెనక సన్నని చెక్కలు పెట్టి ఆ వాలును సరిచేశారు. రీపర్లకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను 2 అంగుళాల బద్దలుగా కోసి, 16 అంగుళాలకు ఒకటి చొప్పున వేశారు. పలకలు నిలువుగా రావాలంటే రీపర్లు అడ్డంగా వేయాలి. అలా వేస్తే వెనక గాలి పైకి పోయే దారి మూసుకుపోతుంది. ఆయన ఒక్కొక్క రీపరును ముక్కలుగా వేసి, ముక్కకూ ముక్కకూ మధ్య 2 అంగుళాల ఖాళీ వదిలి, కింది వరుస ఖాళీకి ఎదురుగా పై వరుసలో ఖాళీ రాకుండా చూసుకున్నారు. మేకులను నాలుక మూలలో ఏటవాలుగా దించి, పక్క పలక గాడితో కప్పేయడం వల్ల ముఖం మీద ఒక్క మేకు తలా కనిపించదు. జిగురు ఎక్కడా వాడలేదు, ఎందుకంటే ప్రతి పలకా తన చోటున తాను కదలగలగాలి. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టి చెక్క మీద నల్లమరకలు వేస్తుంది కనుక మేకులు, స్క్రూలు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. పలకకూ పలకకూ మధ్య అర మిల్లీమీటరు రేకు ముక్క పెట్టి సందు వదిలారు; అంచులను ఏటవాలుగా చెక్కడం వల్ల ఆ సందు గీతలో కలిసిపోయింది. పైన, రెండు పక్కలా వదిలిన జాగాను బీడింగు కప్పింది.

పాత రాతి స్కర్టింగును తీసేద్దామని మేము అడిగితే అది కూడా వద్దన్నారు. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే ఇళ్లలో చెక్క నేలను తాకకూడదు. పలకలు స్కర్టింగు పైన కాస్త ఎడంగా మొదలయ్యాయి. ఆ ఎడమే గాలికి దారి కూడా అయింది.

రంగుల దుకాణం యజమాని గారికి మరొక ధన్యవాదం. ముందువైపు మాత్రమే పాలిష్ వేసి వెనక వదిలేస్తే రెండు వైపులా తేమ ఒకే తీరున చేరక పలక డొప్పలా వంగుతుందని చెప్పి, బిగించకముందే వెనకకూ, అంచులకూ పూత వేయించారు. టేకులో సహజమైన నూనె ఉంటుంది కాబట్టి పూతకు ముందు థిన్నరుతో తుడవాలనీ, కొత్తగా చిత్రిక పట్టిన టేకు రంగు ఎగుడుదిగుడుగా కనిపించినా వెలుతురుకు క్రమంగా బంగారు ఛాయకు వస్తుందనీ, అందువల్ల రంగు కలిపిన పాలిష్ వద్దనీ ఆయన చెప్పారు. రంగు పాలిష్ ఖరీదు ఎక్కువ. అది అమ్ముకోవలసిన మనిషే అది వద్దన్నారు.

ఎలక్ట్రీషియన్ గారు గోడలోని వైర్ల దారులన్నీ ముందుగా సుద్దతో గీసి, వాటి కొలతలు రాసి ఇచ్చిన తరువాతనే డ్రిల్లు పెట్టనిచ్చారు. స్విచ్ పెట్టెలను పలకల మందం మేరకు ముందుకు జరిపి, వైర్ల అతుకులు చెక్క వెనక ఉండిపోకుండా చూశారు. మా మేనత్త గారు ఆ గోడలోని దీపారాధన గూటి చుట్టూ చెక్క వేయనివ్వలేదు; ఆ మేరకు గ్రానైట్ అంచు వచ్చింది, చూడడానికీ అదే బాగున్నది.

మొదటి వానాకాలం గడిచాక సందులు, బీడింగు ఒకసారి చూసి వెళతానని మేస్త్రి గారు మాట ఇచ్చారు. మిగిలిన పలకలు ముందుముందు అదే చెక్కతో మరమ్మతు చేయడానికి పనికివస్తాయని ఆయన చెప్పగా, వాటిని అటక మీద పేర్చి ఉంచాము. తేమ మీటరును ఈ వారంలో దాని యజమానికి తిరిగి అందజేస్తాము. తమ గోడ పరీక్షకు దానిని ఇమ్మని మా ఎదురింటివారు ఆయనను ముందుగానే అడిగి ఉన్నారు.