సీజన్ అయిపోయిందని తీరానికి తాళం వెయ్యకండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మేము ఈమధ్యే ఒక క్యాంపర్ కొన్నాం. పడుకోవడానికి మంచాలు, చిన్న వంటగట్టు, ఓ మూల టాయిలెట్ ఉన్న బండి. నేను, మా ఆయన, మా అత్తగారు ముగ్గురం అందులో మొదటి ప్రయాణం సముద్రతీరానికే చెయ్యాలనుకున్నాం. సెలవులన్నీ అయిపోయి జనం ఇళ్ళకు చేరాక వెళ్ళాలని కావాలనే అన్-సీజన్ ఎంచుకున్నాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, గుంపుల్లో నడవలేరు. బండి పక్కన కుర్చీ వేసుకుని, ఎవరూ తోసుకోకుండా సముద్రం చూస్తూ కూర్చోవాలని ఆవిడ ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు.

మూడు వారాలుగా ప్లాన్ చేస్తున్నాం. చలికీ గాలికీ సిద్ధపడ్డాం. మా టెన్షన్ అంతా ఒక నీళ్ళ కుళాయి గురించి, ఒక మురుగు తొట్టి గురించి. తొమ్మిది క్యాంపు స్థలాలకు ఫోన్ చేశాం. ఆరింటిని సీజన్‌తో పాటే మూసేశారు. రెండు చోట్ల "బండి పెట్టుకోండి, నీళ్ళు, టాయిలెట్లు మాత్రం ఉండవు" అన్నారు. మిగిలిన ఒకచోట ఎవరూ ఫోన్ ఎత్తలేదు.

బండిలోనే అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అని మీకు అనిపించవచ్చు. కొనకముందు మేమూ అలాగే అనుకున్నాం. కానీ లీటరు నీళ్ళంటే కిలో బరువు. 100 లీటర్ల ట్యాంకు నింపితే బండి మీద 100 కిలోలు పడతాయి. ప్రతి బండికీ ఇంత బరువే మొయ్యాలనే హద్దు ఉంటుంది. మనుషులు, పరుపులు, గ్యాస్ సిలిండరు, బ్యాటరీలు అన్నీ ఆ లెక్కలోకే రావాలి. చేరే చోట కుళాయి ఉందని తెలిస్తే దారిలో తాగడానికి, వాడుకోవడానికి సరిపడా పోసుకుని తేలిగ్గా వెళ్తాం. లేదంటే నిండా నింపుకుని, బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగే బండిని కొత్త చేతులతో నడుపుకుంటూ వెళ్ళాలి.

అసలు బాధ వచ్చేది మురుగు దగ్గర. మా బండిలో ఉన్నది క్యాసెట్ టాయిలెట్, అంటే మురుగు చేరిన పెట్టెను బయటికి లాగి ఖాళీ చేసుకునేది. కింద ఉండే పెట్టె దాదాపు 20 లీటర్లు పడుతుంది. ముగ్గురు వాడితే రెండు రోజులకే నిండిపోతుంది. దాన్ని ఎక్కడ పడితే అక్కడ పొయ్యకూడదు. వాసన రాకుండా అందులో వేసే కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. అది సెప్టిక్ ట్యాంకులో పని చేసే బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. మేము ఆ మందు మానేసి వేరేది వాడుతున్నాం. అయినా ఆ పెట్టె ఖాళీ చెయ్యడానికి సరైన చోటు ఒకటి కావాలి కదా! మీ శాఖ ఆ చోటుకి తాళం వేసిన రోజున, రెండో రాత్రికి పెట్టె నిండిన మనిషి ఏం చేస్తాడు? మేమైతే ప్రయాణం కుదించుకుని వెనక్కి వచ్చేస్తాం. అందరూ అలా చెయ్యరు. చీకట్లో ఇసుక దిబ్బల వెనక కుమ్మరించి పోయేవాళ్ళు ఉంటారు. దిబ్బల మీద గడ్డి వేళ్ళే ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటిని తొక్కుకుంటూ బండ్లు పోయినా, అక్కడ మురుగు పోసినా పాడయ్యేది తీరమే. ఆ తాళం వల్ల మిగిలే డబ్బు కన్నా జరిగే నష్టం చాలా ఎక్కువని నా నమ్మకం.

ఇది కొత్త కోరికేమీ కాదు. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్ళు క్యాంపర్ల కోసం నీళ్ళు పట్టుకునే, మురుగు వదిలే చోట్లు విడిగా కట్టాయి. క్యాంపు స్థలాల బయట బండి ఆపి బస చేసేవాళ్ళ కోసం న్యూజిలాండ్ 2011లో ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం తెచ్చింది. 2023లో ఇంకా బిగించి, సొంత సదుపాయాలున్న బండిగా ధ్రువపత్రం రావాలంటే లోపల కదలకుండా బిగించిన టాయిలెట్ ఉండాలంది. మీరు కూడా మాలాంటి వాళ్ళకు నియమాలు పెట్టండి, సంతోషంగా పాటిస్తాం. పాటించడానికి చోటు కూడా ఉండాలని మాత్రమే అడుగుతున్నాం.

ఇంకో సంగతి. జనం లేని తీరంలో హెచ్చరించేవాళ్ళూ ఉండరు. సముద్రపు పోటు ముందురోజు కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టుపక్కల నీళ్ళు మామూలు కన్నా పైకి వస్తాయి. నిన్న పొడిగా ఉన్న చోటే బండి పెట్టి నిద్రపోతే తెల్లారేసరికి చక్రాలు ఉప్పునీళ్ళలో ఉండవచ్చు. గాలి వేగం రెండింతలైతే బండి మీద తోపు నాలుగింతలవుతుంది. గేటు దగ్గర పోటు వేళలు, గాలి హెచ్చరిక రాసిన బోర్డు ఒక్కటి ఉన్నా ఎంతో మేలు. రోజుకోసారి ఒక మనిషి వచ్చి చూసి వెళ్తే మరీ మంచిది. చలికి కిటికీలన్నీ బిగించి, వంట పొయ్యి వెలిగించి బండి వెచ్చబెట్టుకునేవాళ్ళు ఉంటారు. అలా మూసిన చోట పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవు. మేము అలారం పెట్టుకున్నాం, కానీ పక్క బండిలో ఉందో లేదో మాకెలా తెలుస్తుంది?

మీ ఇబ్బందులు తెలియక రాయడం లేదు. సిబ్బందికి జీతాలివ్వాలి. గడ్డకట్టే చలి ఉన్నచోట నీళ్ళు మంచుగా మారి పైపులు పగులుతాయి, అందుకే కుళాయిలు కట్టేస్తారు. అలాంటి చోట పైపు లోతుగా పాతిన కుళాయి ఒక్కటి చాలు. స్నానాల గదులు, దుకాణం, కరెంటు అన్నీ మూసుకోండి. వెలుతురుకి మా సోలార్ ప్యానెల్ ఉంది, పొద్దు తక్కువైనా సర్దుకుంటాం. ప్రతి 50 కిలోమీటర్ల తీరానికి ఒక్క చోట కుళాయి, మురుగు తొట్టి, బోర్డు తెరిచి ఉంచండి. అందుకు రుసుము పెట్టినా కడతాం.

ఈ ఏడాదికి అది కుదరకపోతే, ఏ క్యాంపు స్థలం ఏ తేదీ దాకా తెరిచి ఉంటుందో, అక్కడ నీళ్ళు ఉంటాయో లేదో చెప్పే జాబితా అయినా మీ శాఖ తరఫున ప్రకటించండి. వచ్చే అమావాస్య పోటు తగ్గాక బయలుదేరాలనుకుంటున్నాం. అత్తగారు కుర్చీ కూడా బండిలో పెట్టించేశారు.

ఇట్లు,
కొత్తగా క్యాంపర్ కొనుక్కున్న ఒక కుటుంబం