అమ్మ జాకార్డు కేసులో తోడు నిలిచినవారికి, చట్టం తెచ్చిన ఒక నాయకుడికి కృతజ్ఞతలు

మాది ధర్మవరం. మా అమ్మ నలభై ఏళ్లుగా ఇంట్లోనే పట్టుచీరలు నేస్తోంది. మగ్గం మీద బిగిస్తే డిజైన్ ప్రకారం పోగులను లేపే యంత్రం జాకార్డు. అట్టలతో నడిచే పాత జాకార్డును తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిన డిజైన్‌తో నడిచే ఎలక్ట్రానిక్ జాకార్డు బిగించుకుంటే శ్రమ తగ్గుతుందని విని, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, వేరే రాష్ట్రంలోని ఒక సంస్థ నుంచి 1,90,000 రూపాయలకు దాన్ని తెప్పించుకుంది. మూడో వారానికే పోగులను లేపే కొన్ని హుక్కులు లేవవలసిన చోట లేవడం మానేశాయి. కొంగులో నెమలి మెడ తెగిపోయినట్టు వచ్చిన రెండు చీరలను షావుకారు వెనక్కి పంపేశాడు. సంస్థవారు ఒకసారి మనిషిని పంపించారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ జాకార్డుకు కట్టిన డబ్బంతా వడ్డీతో సహా పోయిన వారం అమ్మ ఖాతాలో పడింది. అందుకు కారణమైనవారికి నలుగురిలో ధన్యవాదాలు చెప్పాలన్నది అమ్మ కోరిక కాబట్టి, ఆమె తరఫున నేను ఇది రాస్తున్నాను.

మొదటి నమస్కారం మండల న్యాయ సేవల కమిటీలో పనిచేసే పారా లీగల్ వాలంటీరు అక్కకు. లాయరును పెట్టుకునే స్తోమత లేదని మేము వెనకాడుతుంటే, 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని చెప్పి, అమ్మతో అర్జీ రాయించింది ఆమే. తమ పేర్లు రాయవద్దని ఆమె, మా న్యాయవాది ఇద్దరూ గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు. ఆయన మా ఇంట్లో టీ తప్ప మరేమీ పుచ్చుకోలేదు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి, మేము ఫిర్యాదు చేసిన వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా కట్టవలసిన పని లేకపోయింది.

బిల్లు వెనుక చీమతలకాయంత అక్షరాలతో, వివాదాలేవైనా తమ నగరంలోని కోర్టుల్లోనే తేల్చుకోవాలని సంస్థవారు అచ్చు వేసుకున్నారు. 1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టంలో అయితే ఎదుటి పక్షం ఉండే చోట, వ్యాపారం చేసే చోట, లేదా వివాదానికి కారణం పుట్టిన చోట ఫిర్యాదు చేయాలి. సరుకు మా ఇంటికే వచ్చింది కాబట్టి కారణం ఇక్కడే పుట్టిందని వాదించవచ్చు గానీ, ఆ వాదన తేలడానికే నెలలు గడిచిపోయేవి. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోని 34వ సెక్షన్ ఆ గొడవ లేకుండా, ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ నివసిస్తే అక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చని చెప్పింది. మగ్గం దిగి రెండు రోజులు ఊరు దాటితే ఆ వారం కూలి పోయే మనిషికి ఈ ఒక్క వాక్యం ఎంత పెద్ద సాయమో, ముంబయిలోనో సూరత్‌లోనో కేసు నడపవలసి వచ్చినవారిని అడగాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జాకార్డు వ్యాపార యంత్రమనీ, దాన్ని కొన్న మా అమ్మ అసలు వినియోగదారే కాదనీ వారు వాదించారు. దానికి జవాబు చట్టంలోనే ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే స్వయంగా వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 1993 సవరణలో చేర్చిన వివరణ కొత్త చట్టంలోనూ నిలిచింది. అయితే దాన్ని రుజువు చేయాలి కదా! మా ఇంట్లో కూలికి పెట్టుకున్న నేతగాళ్లు లేరనీ, ఒక మగ్గం మీద అమ్మ, రెండో మగ్గం మీద నాన్న నేస్తారనీ, జరిచుట్టే పని కూడా ఇంట్లోవాళ్లమే చేసుకుంటామనీ మా వీధిలో నలుగురు నేతన్నలు పని మానుకుని వచ్చి అఫిడవిట్లు ఇచ్చారు. పాడైన చీరలను పరీక్షించి, తప్పు నేతది కాదు, హుక్కులదని రాసిచ్చిన జాకార్డు మెకానిక్ అన్నకు మేము ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైనది ఐదు నెలల్లో ముగిసేలా చూడాలని చట్టం అంటుంది. ఎదుటి పక్షం అడిగిన వాయిదాల పుణ్యమా అని మాది పద్నాలుగు నెలలు నడిచింది.

ఈ సెక్షన్ల వెనుక ఎవరున్నారని అమ్మ అడిగితే వెతికాను. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రిగా రామ్‌విలాస్ పాశ్వాన్ ఈ బిల్లును దాదాపు ఐదేళ్లపాటు వదలకుండా పట్టుకున్నారు. 2015లో వచ్చిన మొదటి రూపాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది. ఆ సంఘానికి అప్పట్లో మా జిల్లా కేంద్రమైన అనంతపురానికి ఎంపీగా ఉన్న జె.సి. దివాకర్ రెడ్డి అధ్యక్షులని తెలిసి అమ్మ నవ్వింది. 2018 డిసెంబరులో మరో రూపాన్ని లోక్‌సభ ఆమోదించింది గానీ, సభ కాలం ముగియడంతో అది మురిగిపోయింది. మళ్లీ మొదటి నుంచి నడిపిస్తే 2019 ఆగస్టు 6న రాజ్యసభ ఆమోదంతో గట్టెక్కింది. చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది, అక్టోబరు 8న ఆయన కన్నుమూశారు.

ఆ పేరు మా ఇంటికి కొత్త కాదు. 1990 ఆగస్టులో వెనుకబడిన తరగతులకు కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం రిజర్వేషన్ ప్రకటించిన వి.పి. సింగ్ ప్రభుత్వంలో కార్మిక, సంక్షేమ శాఖల మంత్రి ఆయనే. సుప్రీంకోర్టు 1992లో సమర్థించాక అమలైన ఆ రిజర్వేషన్‌తోనే మా అన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఎటు గాలి వీస్తే అటు వెళతారని, ఆయనను రాజకీయ వాతావరణ శాస్త్రవేత్త అని ఎగతాళి చేసినవారున్నారు. ఆ మాటలో నిజం లేదని నేను అనను. కానీ బీహారులోని హాజీపూర్ ఓటర్లు ఎన్నోసార్లు గెలిపించి పంపిన ఒక దళిత నాయకుడు మోసుకొచ్చిన చట్టం ధర్మవరంలో మగ్గం గుంత దాకా వచ్చిందన్నది కూడా నిజమే. ఆయన లేరు కాబట్టి ఆ కృతజ్ఞతను ఇలా రాసి పెడుతున్నాను.

పొదుపు సంఘం అప్పు తీరిపోయింది. అట్టల జాకార్డునే మళ్లీ మగ్గం మీదికి ఎక్కించారు. కొత్తది కొనాలా వద్దా అన్న విషయంలో అమ్మానాన్నల మధ్య ఇంకా రాజీ కుదరలేదు. కమిషన్ తీర్పు ప్రతి, మేము దాఖలు చేసిన ఫిర్యాదు నకలు మా దగ్గరే ఉన్నాయి. ఇలాంటి చిక్కులో ఉన్న నేతన్నలెవరైనా సాయంత్రం మగ్గం దిగాక మా ఇంటికి వస్తే చూపిస్తాం. ఫిర్యాదుకు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే గడువు కాబట్టి, వచ్చేటప్పుడు బిల్లు మీద తేదీ, లోపం బయటపడిన తేదీ చూసుకుని రండి.