మంత్రి గారూ, నా పేరులో ‘దేవి’ లేదండీ

రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండీ. గుంటూరు నుంచి రాస్తున్నాను. మా ఆయన ఆర్మీలో హవల్దార్. పేరు, నంబరు, యూనిట్ ఏవీ రాయట్లేదు, ఎందుకంటే ఇది చదివి పైవాళ్ళు ఎవరన్నా ఆయన్ని పిలిచి ‘మీ ఇంటావిడ ఏంటి ఇట్లా రాసింది’ అని అడిగితే నాకంటే ఆయనకే ఇబ్బంది. ఎక్కడ పనిచేస్తున్నారో కూడా చెప్పను, చెప్పకూడదు, ఆ మాటకొస్తే నాకే సరిగ్గా తెలీదు. జమ్మూ దాటాక ఎక్కడో. అడ్రస్ అంటే కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. పాప స్కూల్ ఫారంలో తండ్రి ఆఫీసు అడ్రస్ అని ఉన్నచోట అదే రాస్తే అక్కడున్న అమ్మాయి ‘ఇదెక్కడ మేడం, ప్రకాశం జిల్లానా’ అని అడిగింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆయన దూరంగా ఉన్నారని ఏడవటానికి ఈ ఉత్తరం రాయట్లేదు. మిలిటరీ సంబంధం అని తెలిసే చేసుకున్నాను. 2018 ఫిబ్రవరిలో పెళ్ళయింది, పంతొమ్మిదో రోజు విజయవాడ స్టేషన్లో అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను, పసుపుతాడు ఇంకా కొత్తగానే ఉంది. అప్పటి నుంచి ఇప్పటికి మేం ఒక ఇంట్లో కలిసున్నది పీస్ పోస్టింగ్‌లో, అంటే ఇంటివాళ్ళని తీసుకెళ్ళగలిగే చోట, కోటర్ దొరికాక రెండున్నరేళ్ళు, మిగతాదంతా లీవులే. మాధవరం లాంటి ఊళ్ళో అయితే ఇంటికో మిలిటరీ మనిషి ఉంటాడు కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, మా సందులో మేం ఒక్కళ్ళమే. ఇక్కడ జనానికి మిలిటరీ అంటే రెండే తెలుసు, ఆగస్టు పదిహేను, క్యాంటీన్ మందు. ఆయన లీవ్‌లో వచ్చారని తెలిస్తే చాలు, క్షేమం అడక్కముందే ‘రెండు బాటిల్స్ చూడండి బావగారూ’ అంటారు. సరే అది మీ శాఖ సమస్య కాదులెండి.

ఫోన్ సంగతి కూడా అంతే, అలవాటైపోయింది. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్లో పనిచెయ్యదు కదా, పోస్ట్‌పెయిడ్ ఉండాలి లేకపోతే అక్కడి సిమ్ తీసుకోవాలి, అది తెలియక మొదటిసారి వెళ్ళినప్పుడు తొమ్మిది రోజులు ఫోన్ రాకపోతే మా అత్తయ్య కోటప్పకొండకి మొక్కేసింది. ఇప్పుడు పైన పోస్టులో ఉంటే సిగ్నల్ ఉండదు, కిందకి దిగితే రాత్రి ఎనిమిదిన్నర తర్వాత చేస్తారు, పాప అప్పటికి సగం నిద్రలో ఉంటుంది.

లీవ్ గురించి కూడా అందరూ అంటుంటారు, ‘మీకేమ్మా, ఏడాదికి అరవై రోజులు యాన్యువల్, ముప్ఫై క్యాజువల్, మూణ్ణెల్లు ఇంట్లోనే’ అని. కాగితం మీద తొంభై రోజులు నిజమే. పోయిన జులైలో ఇరవై ఎనిమిది రోజులు వచ్చారు, నేను క్యాలెండర్ మీద గీతలు పెట్టాను, అందులో పదకొండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరగటానికే పోయినాయి. సచివాలయం, కోర్టు, బ్యాంకు, పేపర్ ఆఫీసు, మళ్ళీ కోర్టు. దాని గురించే ఈ ఉత్తరం.

నా పేరులో మూడు ముక్కలు ఉంటాయండీ, మన తెలుగువాళ్ళందరికీ ఉన్నట్టే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. టెన్త్ సర్టిఫికెట్, డిగ్రీ, ఆధార్, పాన్, బ్యాంక్ బుక్ అన్నిట్లో ఒకటే పేరు. ఒక్క మీ రికార్డుల్లో తప్ప. పెళ్ళి అయినప్పుడు పార్ట్ టూ ఆర్డర్ వేస్తారు కదా, మీకు తెలుసు, చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, జవాన్‌కి పెళ్ళయినా బిడ్డ పుట్టినా యూనిట్‌లో ఆ ఆర్డర్ పబ్లిష్ చేస్తే అది రికార్డ్స్ ఆఫీసుకి పోయి సర్వీస్ రికార్డులో ఎక్కుద్ది, జీలకర్ర బెల్లం పెట్టి మూడు ముళ్ళు వేసినా సరే అందులో ఎక్కిన రోజే ఆర్మీ లెక్కలో నేను భార్యని. అదిగో ఆ ఆర్డర్‌లో ఎవరో క్లర్క్ నా ఇంటిపేరు తీసేసి, పేరు చివర ‘దేవి’ అని తగిలించారు. ఉత్తరాదిలో పెళ్ళైన ఆడవాళ్ళకి ఎక్కువగా అట్లా రాస్తారంట, ఆయన అలవాటుగా కొట్టేసి ఉంటాడు. మా ఆయన చూడకుండా సంతకం పెట్టారు, ఆ తప్పు ఆయనదే, నేను చాలాసార్లు అన్నాను కూడా. అప్పుడు ఛుట్టీ నుంచి వెళ్ళి జాయినయి రెండు రోజులే అయిందంట, సుబేదార్ సాబ్ తొందర పెడుతున్నారంట.

ఆ తర్వాత 2019 ఆగస్టులో పాప పుట్టింది. పాప పేరు ఎక్కించిన పార్ట్ టూలో తల్లి పేరు దేవి. మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి నేను. అంటే కాగితాల ప్రకారం మా ఆయనకి ఒక భార్య, పాపకి ఇంకో తల్లి. మొదట్లో మేం నవ్వుకునేవాళ్ళం. కోపం వస్తే ‘వెళ్ళి మీ దేవితో చెప్పుకోండి’ అనేదాన్ని.

నవ్వు ఎప్పుడు పోయిందో చెప్తాను. పోయినేడు, 2025 మే 7 పొద్దున్నే లేచేసరికి టీవీల్లో ఆపరేషన్ సిందూర్. ముందు రోజు రాత్రి ఆయన ఫోన్ చేసి ఏమీ చెప్పలేదు, పాపకి టీకా వేయించావా అని మాత్రం అడిగారు. ఆ తర్వాత ఫోన్ లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. టీవీ పెడితే సైరన్ సౌండ్లు, ఎర్ర అక్షరాలు, అరుపులు, మా అత్తయ్య దాని ముందు నుంచి లేవదు, అన్నం పెడితే ముద్ద చేతిలోనే ఉంటుంది. చివరికి రెండో రోజు నేనే కేబుల్ వైరు పీకి రీఛార్జ్ అయిపోయిందని అబద్ధం చెప్పాను. తొమ్మిదో తారీఖున మన సత్యసాయి జిల్లా అబ్బాయి మురళీ నాయక్ గారు ఎల్ఓసీ దగ్గర చనిపోయారని వార్త వచ్చింది. అది నేను ఫోన్లో చూశాను, వంటింట్లో నిలబడి.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. జరగకూడనిది ఏదన్నా జరిగితే ఫోన్ చేసేవాళ్ళ చేతిలో కాగితం మీద ఉండే పేరు నాది కాదు కదా, దేవిది. నేను ఎత్తి ‘ఎవరు కావాలి’ అంటే ఆ పేరు చెప్తారు, నేను అవును నేనే అనాలి. ఆ తర్వాత రేపు పెన్షన్ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర, పాప స్కూల్ దగ్గర, నేను ఆ దేవిని అని ఒకళ్ళకి, ఆ దేవిని కాదు అని ఇంకొకళ్ళకి రుజువు చేసుకుంటా ఎన్నేళ్ళు తిరగాలో. మనిషి ఎట్లా ఉన్నాడో తెలీనప్పుడు కాగితాల గురించి ఆలోచన వచ్చిందని నా మీద నాకే అసహ్యం వేసింది. పదో తారీఖు సాయంత్రం కాల్పులు ఆగినాయి అన్నారు, పదకొండు రాత్రి ఆయన ఫోన్ చేశారు. టీకా సంగతి మళ్ళీ అడిగారు.

అప్పుడు గట్టిగా పట్టుకున్నాను, ఈ లీవ్‌లో అది మార్పించాల్సిందే అని. నేను మార్పించుకోవటానికి లేదండీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. పేరు నాది, తప్పు పడింది నా పేరులో, అర్జీ మాత్రం ఆయనే పెట్టాలి, యూనిట్ ద్వారా పోవాలి. నేను ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగితే అక్కడ పెద్దాయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి ‘జవాన్ సంతకం లేకుండా మేం ఏం చెయ్యలేం తల్లీ’ అన్నారు. రికార్డ్స్‌కి నేను సొంతంగా రాసిన ఉత్తరానికి జవాబే లేదు. యూనిట్ క్లర్క్ అయితే మా ఆయనకి ఒక సలహా ఇచ్చారంట, ‘ఇంత కష్టం ఎందుకు, ఆధార్లోనే దేవి అని మార్పించెయ్యండి, సరిపోద్ది’ అని. ఆధార్లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు అనేది పక్కన పెట్టండి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఎవరు మారుస్తారు, మా నాన్న పెట్టిన పేరు ఒకాయన టైపింగ్ అలవాటు కోసం ఎందుకు మార్చుకోవాలి.

జులైలో నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి పంపాం. అబ్జర్వేషన్ వేసి తిప్పి పంపారు, నోటరీ కుదరదు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు చెయ్యాలని. ఈ ముక్క ముందే ఎక్కడన్నా రాసిపెట్టి ఉంటే మాకు నాలుగు రోజులు మిగిలేవి. సరే అదీ చేయించాం. తర్వాత పేపర్ ప్రకటన, ఒకటి ఇంగ్లీషులో ఒకటి తెలుగులో. మీరు గమనించారో లేదో, పేపర్లో లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో ‘ఆర్మీ నంబర్ ఫలానా, నా సర్వీస్ రికార్డులో నా భార్య పేరు తప్పుగా నమోదైంది’ అని ప్రకటనలు వస్తుంటాయి. ఇదివరకు నేను పట్టించుకునేదాన్ని కాదు, ఇప్పుడు మొదట అవే చదువుతాను, అమ్మ పేరు, బిడ్డ పుట్టిన తేదీ, ఎన్ని ఇళ్ళో. మా ప్రకటనలో ఆర్మీ నంబర్లో ఒక అంకె తప్పు పడింది. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ వేయించాం. అప్పటికి ఆయన లీవ్ అయిపోయింది, ట్రైన్ ఎక్కించి వచ్చాక రెండో ప్రకటన వచ్చింది, దాన్ని నేను 56 ఏపీఓకి పోస్ట్ చేశాను. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఒప్పుకోరు, ఒరిజినల్ పేపర్ కావాలి. కవర్ చేరటానికి ఇరవై రోజులు పట్టింది, ఆయన పోస్టు నుంచి కిందకి దిగి అది తీసుకోవటానికి ఇంకో పది, అక్కడి నుంచి యూనిట్ హెడ్డాఫీసుకి, అక్కడి నుంచి రికార్డ్స్‌కి. నవంబర్లో మళ్ళీ అబ్జర్వేషన్. ఈసారి జాయింట్ ఫొటో పాతది అయిందంట, కొత్తది కావాలంట. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే వచ్చేది జాయింట్ ఫొటో, ఆ పక్కన నిలబడాల్సిన మనిషిని పంపించాల్సింది మీరే కదండీ.

ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అది కూడా చెప్పాలి. ఆ యుద్ధం రోజుల్లో సీఓ సాబ్ (యూనిట్ పెద్దాఫీసర్) గారి భార్య మా ఫ్యామిలీల గ్రూపులో రోజూ ఒక మెసేజ్ పెట్టేవారు, అందరూ క్షేమం అని, హిందీలో, నేను గూగుల్‌లో పెట్టి చదువుకునేదాన్ని. క్లర్కులు కూడా పాపం ఇద్దరు ముగ్గురు కూర్చుని వందల మంది కాగితాలు చూస్తారంట. కానీ ఎవరూ చెడ్డవాళ్ళు కాకపోయినా ఎనిమిదేళ్ళ నుంచి నేను దేవినే.

దీనివల్ల ఏం ఆగిందంటే, పాపకి డిపెండెంట్ కార్డు సరిగ్గా లేదు. అక్టోబర్లో డెంగ్యూ వస్తే కొత్తపేటలో ప్రైవేట్ హాస్పిటల్లో నాలుగు రోజులు ఉంచాం, ముప్ఫై ఎనిమిది వేలు అయింది, బిల్లు క్లెయిమ్ కూడా పెట్టలేదు, పేరు కలవదు కాబట్టి. గుంటూరు, విజయవాడల్లో మిలిటరీ హాస్పిటల్ లేదు కదా, సికింద్రాబాద్ పోవాలి, ప్లేట్‌లెట్స్ పడిపోతున్న పిల్లని తీసుకుని పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కలేను. మా ఊళ్ళో ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) క్లినిక్ ఉంది, కానీ అది రిటైరైనవాళ్ళకి. అంటే ఆయన ఇంటికొచ్చేశాక పాపకి జ్వరమొస్తే ఊళ్ళోనే చూస్తారు, ఆయన బోర్డర్లో ఉన్నప్పుడు వస్తే మూడొందల కిలోమీటర్లు. ఇది ఎవరు ఆలోచించారో గానీ తలకిందులుగా ఆలోచించారు.

ఇప్పుడు తొందరేంటంటే కేంద్రీయ విద్యాలయ. పాపకి ఆరేళ్ళు నిండినాయి, నల్లపాడు కేవీలో ఒకటో తరగతికి పెట్టాలి. డిఫెన్స్ వాళ్ళకి మొదటి కేటగిరీ, ఏడేళ్ళలో ఎన్ని ట్రాన్స్‌ఫర్లు అయితే అంత ప్రయారిటీ, ఆ లెక్కలో మాకు సీటు రావాలి. రేపు ఆయనకి ఏ ఊరు పోస్టింగ్ వచ్చినా పిల్ల చదువు ఆగకూడదంటే అదొక్కటే దారి. యూనిట్ ఇచ్చే కాగితంలో తల్లి దేవి అని, బర్త్ సర్టిఫికెట్లో నేను అని ఉంటే వెరిఫికేషన్ దగ్గర ఆపేస్తారని భయం. 2025లో అప్లికేషన్లు మార్చి 21తో ఆపేశారు.

నేను అడిగేది పెద్దదేం కాదండీ. జిల్లాల్లో సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులు ఉన్నాయి. భార్య పేరు, పిల్లల పేరు తప్పు పడితే ఆ భార్యే అక్కడికి ఒరిజినల్స్ పట్టుకుని వెళ్ళేట్టు, వాళ్ళు చూసి వేలిముద్ర తీసుకుని ఆన్‌లైన్లో నేరుగా రికార్డ్స్‌కి పంపేట్టు చెయ్యండి. మా ఆయన ఒప్పుకోవాలంటే ఫోన్‌కి ఒక ఓటీపీ పంపండి, సిగ్నల్ దొరికిన రోజు నొక్కుతారు. రిటైరైనవాళ్ళకి స్పర్శ్ అని ఆన్‌లైన్లో పెట్టారు, పెన్షన్ పనులు కామన్ సర్వీస్ సెంటర్లో అయిపోతున్నాయి, మా పెదమావయ్య లైఫ్ సర్టిఫికెట్ పది నిమిషాల్లో ఇచ్చొచ్చారు. అది చేయగలిగినవాళ్ళు ఇది చెయ్యలేరా. సరిహద్దులో ఉన్న మనిషిని జాయింట్ ఫొటో కోసం, అఫిడవిట్ కోసం దింపటం కంటే ఇక్కడ ఖాళీగా ఉన్న నన్ను తిప్పటం మీకే తేలిక కదా. నేను తిరుగుతాను, తిరగటం నాకు కొత్త కాదు. నా పని నన్ను చేసుకోనివ్వమంటున్నా, అంతే. దాంతోపాటు ఆ క్లినిక్‌లో ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళ పిల్లల్ని కూడా చూడమని ఒక ఆర్డర్ వేస్తే ఇంకా మంచిది.

మా ఫైలు డైరీ నంబర్ నా దగ్గర ఉంది, మీ ఆఫీసు నుంచి ఎవరన్నా అడిగితే ఇస్తాను. కాదు, జవాన్ అడిగితేనే చూస్తాం అంటారా, ఆయనకి లీవ్ ఏప్రిల్లో అంట, అదీ శాంక్షన్ అయితే.

ఇట్లు
(మీ రికార్డుల్లో) దేవి
గుంటూరు