వార్షిక నివేదిక: కార్తీక వనభోజనాలు, వోల్టా నది, నల్లఈగలు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. ఘానా రాజధాని అక్రాలో మన సంఘం చేసిన మిగతా పనుల గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. ఈ ఏడాది చర్చంతా కార్తీక వనభోజనాల చుట్టూనే తిరిగింది మరి.

ఈసారి అకొసొంబో ఆనకట్టకు దిగువన వోల్టా ఒడ్డుకు వెళ్లాం. ఉసిరి చెట్టు దొరకలేదు, మామిడి చెట్టుతో సర్దుకున్నాం. గుత్తి వంకాయ బాగా కుదిరింది. సాయంత్రానికి సగం మంది చీలమండలు గోక్కోవడం మొదలుపెట్టారు. కుట్టిన చోటల్లా చిన్న రక్తపు చుక్క. "దోమలేగా" అన్నవాళ్లే మర్నాడు పొద్దున్న వాట్సాప్‌లో రివర్ బ్లైండ్‌నెస్ (నల్లఈగ కాటుతో అంటే, చూపు పోగొట్టే జబ్బు) ఫొటోలు పెట్టారు. ఆ వారం నా ఫోను మోగినట్టు ఇంకెప్పుడూ మోగలేదు.

అందుకే ఆరోగ్య ఉపసంఘం రెండు ఆదివారాలు దీనికే కేటాయించింది. మన సభ్యుల్లోని వైద్యులు మొదట ధైర్యం చెప్పారు: ఒక్క పూట కుట్టించుకున్నంత మాత్రాన చూపు పోదు. నది పక్కనే ఏళ్ల తరబడి బతుకుతూ, పదే పదే కుట్టించుకునేవాళ్ల జబ్బు ఇది. నల్లఈగ ద్వారా ఒంట్లో చేరిన పురుగులు చర్మం కింద గడ్డల్లో పదేళ్లకు పైగా బతుకుతాయి. అవి కనే పిల్లపురుగులు చర్మంలో తిరిగితే దురద, కంటికి చేరితే అంధత్వం.

తర్వాత అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఎండలు పెరుగుతున్నాయి కదా, ఈగలూ పెరుగుతాయా?

ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేదు. దోమకు నిలవ నీరు కావాలి. నల్లఈగకు ఉరవడిగా పారే నీరు కావాలి. దాని పిల్లలు రాయినో నీటిమొక్కనో పట్టుకుని వేలాడుతూ, ప్రవాహం తెచ్చే తిండిని వడగట్టుకుంటాయి. నీరు వెచ్చబడితే త్వరగా ఎదుగుతాయి. ఈగ ఒంట్లో పురుగు ఎదిగి ఇంకొకరికి అంటుకునే దశకు రావడానికి సుమారు వారం పడుతుంది, వేడికి ఆ గడువూ తగ్గుతుంది. కానీ ఎండ మితిమీరితే ఈగే ముందు చస్తుంది. వానలు మొహం చాటేసి వాగు ఎండితే పిల్లలు రాతి మీదే మాడిపోతాయి. పెద్ద వరదొస్తే కొట్టుకుపోతాయి. అంచేత థర్మామీటరు ఒక్కదాన్నే చూస్తే లాభం లేదు, నది ఏ నెలలో ఎంత వేగంగా పారుతోందో చూడాలి.

గాలినీ లెక్కలోకి తీసుకోవాలి. పశ్చిమాఫ్రికాలో 1974లో మొదలైన ఈ జబ్బు నియంత్రణ కార్యక్రమం హెలికాప్టర్లతో నదుల్లో మందు చల్లింది. ఈగలు పోయిన నదులకే మళ్లీ ఈగలొచ్చాయి. వానాకాలపు నైరుతి గాలి మీద వందల కిలోమీటర్లు ఎగిరొస్తున్నాయని తేలాక, 7 దేశాల కార్యక్రమాన్ని 11 దేశాలకు పెంచారు. 2002 దాకా నడిచింది. వానలు, గాలులు వేళ మార్చుకుంటే ఈ రాకపోకల వేళా మారుతుంది.

మనం కూర్చున్న చోటు కథ ఇంకో రకం. 1965లో అకొసొంబో ఆనకట్ట పూర్తయ్యాక ఎగువన నది ఉరవడి జలాశయంలో మునిగింది, అక్కడ ఈగకు చోటు పోయింది. నిలిచిన నీటిలో నత్తలు పెరిగి, వాటి ద్వారా పాకే పురుగుల జబ్బు బిల్‌హార్జియా వచ్చింది. దిగువన మాత్రం వానతోపాటు ఆనకట్ట నుంచి వదిలే నీరు కూడా ఈగల సంగతి తేలుస్తుంది. 2023లో గేట్లెత్తినప్పుడు దిగువ ఊళ్లు ఎలా మునిగాయో మనలో చాలామందికి తెలుసు.

ఒక ముఖ్య గమనిక. ఊరి నుంచి తెచ్చుకున్న డిఇసి మాత్రలు వేసుకోవచ్చా అని ఒక సభ్యుడు అడిగారు. మన ఊళ్లలో బోదకాలు రాకుండా ఏటా పంచేవే అవి. దయచేసి ఇక్కడ సొంతంగా వేసుకోకండి. ఒంట్లో రివర్ బ్లైండ్‌నెస్ పురుగులుంటే పిల్లపురుగులన్నీ ఒక్కసారిగా చచ్చి జ్వరం, దద్దుర్లు వస్తాయి, కంటికీ ప్రమాదం. ఈ జబ్బుకు ఇచ్చే మాత్ర ఐవర్‌మెక్టిన్. 1987 నుంచి తయారీదారు మెర్క్ ఉచితంగా ఇస్తోంది. అది పిల్లపురుగులనే తగ్గిస్తుంది కాని పెద్దవాటిని చంపదు. అందుకే నదీతీర గ్రామాల్లో ఏళ్ల తరబడి మింగించాలి. ఏటా అవే ముఖాలకు అవే మాత్రలా అని విసుక్కునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

నది ఒడ్డుకు వెళ్లాల్సి వస్తే పొడుగు ప్యాంటు, మేజోళ్లు వేసుకోండి. ఈ ఈగ పగలే కుడుతుంది, అదీ ఎక్కువగా కాళ్ల మీద. రాత్రి కట్టే దోమతెర దీనికి పనికిరాదు.

వచ్చే కార్తీకానికి అబూరి కొండ మీది బొటానికల్ గార్డెన్స్ ఖాయం చేశాం. అక్కడ ఉసిరి చెట్టుందేమో కనుక్కునే పని ఉపాధ్యక్షుల వారికి అప్పగించాం.

— కార్యదర్శి